వేపకొమ్మ ఎందుకు పనికిరాదు?



ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఏడో తరగతి చదివే ఒక అబ్బాయిది. "మాస్టారూ, చెట్టుకొమ్మ ముక్కలోనుంచి మురికినీళ్ళు పోస్తే మంచినీళ్ళు దిగుతాయని మా అన్నయ్య చెప్పాడు. అడవిలో దారి తప్పినవాళ్ళు అలా చేసుకుని తాగవచ్చునట. మా పెరట్లో వేపచెట్టు ఉన్నది. దాని కొమ్మ కోసి చూడమంటారా?" అని రాశాడు.

ఈ ఉత్తరం చదివి ముందు సంతోషించాను, తరువాత భయపడ్డాను. కొమ్మ కోసే ముందు అడగాలని తోచినందుకు సంతోషం. ఈ సంచిక చేతికి అందేలోపల కోసి, వడకట్టి, తాగేస్తాడేమోనని భయం. అందుకని అసలు సంగతి ముందే చెప్పేస్తాను. అబ్బాయీ, మీ అన్నయ్య చెప్పినది అబద్ధం కాదు. అయినా వేపకొమ్మలో నుంచి దిగిన నీళ్ళు ఒక్క గుక్కయినా తాగవద్దు. ఈ రెండు మాటలూ ఎలా నిజమో తెలియాలంటే, కొమ్మ లోపలికి తొంగి చూడాలి.

నీళ్ళ విషయంలో నాకు ఇంత పిరికితనం ఎందుకో కూడా చెప్పాలి. 1994 డిసెంబరులో, అప్పటికి నేను హెడ్మాస్టరును కాలేదు, సైన్సు చెప్పేవాణ్ణి. ముప్ఫైమంది పిల్లలను వెంటబెట్టుకుని తూర్పు కనుమలలోకి విహారయాత్రకు వెళ్ళాను. మధ్యాహ్నానికల్లా తెచ్చుకున్న నీళ్ళు అయిపోయాయి. లోయలో రాళ్ళమీదుగా ఒక వాగు పారుతున్నది. అడుగున ఉన్న గులకరాళ్ళు లెక్కపెట్టవచ్చు, నీళ్ళు అంత తేటగా ఉన్నాయి. "మాస్టారూ, తాగవచ్చునా?" అని పిల్లలు అడిగారు. నేను దోసిలి పట్టి ముందుగా తాగి, "కొబ్బరినీళ్ళలా ఉన్నాయిరా, తాగండి" అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు పైదారిన వచ్చాం. ఒక మలుపు తిరిగేసరికి అదే వాగులో పశువుల మంద దిగి ఉన్నది. దానికి ఎగువన నాలుగు గుడిసెలు. ఆ ఇళ్ళవాళ్ళకు స్నానానికీ, బట్టలకూ, అన్నిటికీ ఆ వాగే. నా గుండె గుభేలుమన్నది గాని, పైకి ఏమీ అనలేదు. మర్నాటికి తొమ్మిదిమంది పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పది రోజులు పోయాక ఒక పిల్లవాడికి జ్వరం తగిలింది. టైఫాయిడ్ అన్నారు డాక్టరుగారు. పిల్లవాడు బతికాడు. కాని చిక్కి శల్యమై, జుట్టంతా రాలిపోయి, ఆ ఏడు పరీక్షకు కూర్చోలేకపోయాడు. నేను చూడబోతే వాళ్ళమ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు. "మీరూ తాగారటగదా మాస్టారూ, మీకేమీ కాలేదు గదా?" అని అడిగింది.

చూశారా, మన భాషలో తేటనీరు అనే మాట వేరు, మంచినీరు అనే మాట వేరు. నేను ఆ వేళ మొదటిదాన్ని చూసి రెండవది అనుకున్నాను.

మన పెద్దవాళ్ళు వానాకాలంలో ఏటినీళ్ళు తెచ్చి, కుండ లోపలివైపున చిల్లగింజ అరగదీసేవారు. ఇండుపగింజ అన్నా అదే. కాసేపటికి బురద అంతా అడుగుకు దిగి, పైన నీళ్ళు తేరుకునేవి. ఆ గింజలో ఉన్న పదార్థాలు నీటిలో తేలే సన్నని మట్టిరేణువులను ఒకదానికొకటి అంటుకునేలా చేస్తాయి. ముద్దకట్టిన రేణువులు బరువెక్కి దిగిపోతాయి. మునగగింజల పొడి కూడా ఇదే పని చేస్తుంది, పటిక కూడా ఇంతే. మట్టితోబాటు కొన్ని సూక్ష్మజీవులు దిగిపోయే మాట నిజమే. కాని అన్నీ దిగవు. మిగిలినవి కంటికి కనిపించవు, నీళ్ళు మాత్రం అద్దంలా ఉంటాయి. చిక్కంతా ఇక్కడే.

ఆ కనపడని వాటి పరిమాణం ఎంతో చూద్దాం. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక్కొక్క భాగం ఒక మైక్రోను. మైక్రోనును మళ్ళీ వెయ్యి భాగాలు చేస్తే ఒక నానోమీటరు. మన పేగులలో కాపురముండే ఇ. కోలై అనే బాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రోనులు. అటువంటివి 500 ఒకదాని వెనుక ఒకటి బారులు తీరితే, మీ స్కేలుమీద ఒక చిన్నగీత నుంచి పక్క గీతకు చేరతాయి. ఇ. కోలైలో చాలా రకాలు మనలను ఏమీ చెయ్యవు. అయితే అది నీటిలో కనిపించిందంటే, ఆ నీటిలో మలం కలిసిందన్నమాట. మలంతోబాటు టైఫాయిడ్ క్రిములో, కలరా క్రిములో రావచ్చు గనుక, నీటిని పరీక్షించేవాళ్ళు ముందు దీనికోసమే వెతుకుతారు.

వీటిని పట్టాలంటే వీటికన్నా చిన్న కన్నాలుగల జల్లెడ కావాలి. మామూలు గుడ్డకు అది చేతగాదు. ఇక్కడ ఒక చిత్రమైన సంగతి చెప్పకుండా ఉండలేను. బంగ్లాదేశ్‌లో మత్లబ్ అనే ప్రాంతపు పల్లెలలో, పాతచీరను కనీసం నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టి నీళ్ళు వడకట్టుకోమని ఆడవాళ్ళకు నేర్పారు. రీటా కోల్వెల్ అనే శాస్త్రవేత్త, ఆమెతో పనిచేసినవారు కలిసి 2003లో దాని ఫలితం ప్రకటించారు. కలరా సుమారు సగానికి తగ్గింది! గుడ్డ కన్నాలు కలరా క్రిమికన్నా చాలా పెద్దవే గదా, మరి ఎలా తగ్గింది? చెరువునీటిలో తిరిగే నలుసంత జీవులను అంటిపెట్టుకుని కలరా క్రిములు బతుకుతాయి. చీర మడతలలో ఆ నలుసులు చిక్కుకుంటాయి. బండిని ఆపితే బండిలోవాళ్ళు కూడా ఆగిపోయినట్టు. కొత్తచీరకన్నా పాతచీరే మేలట. ఉతికి ఉతికి నూలు విచ్చుకుని కన్నాలు చిన్నవవుతాయి. అయినా సగమే తగ్గిందని మరిచిపోకండి.

క్రిమిని నేరుగా పట్టే జల్లెడను 1884లో పాశ్చరుగారి దగ్గర పనిచేసే షాంబర్లాండ్ తయారుచేశాడు. అది కాల్చిన పింగాణీ గొట్టం. మన ఇళ్ళలో స్టీలు ఫిల్టరు లోపల తెల్లగా నిలబడి ఉండే కాండిల్ ఉంటుందే, దానికి ఇది పెద్దన్న వంటిది. పింగాణీలోని సన్నని సందులలో బాక్టీరియా ఇరుక్కుపోతుంది.

మరి అటువంటి జల్లెడ చెట్టుకు ఎందుకు? చెట్టు ఏమీ కాచి చల్లార్చిన నీళ్ళు తాగాలనుకోదు గదా!

చెట్టుకు నీళ్ళు వేళ్ళ నుంచి ఆకులకు ఎక్కుతాయని మీకు తెలుసు. ఎక్కించే పంపు మాత్రం కింద లేదు. ఆకులలోనుంచి నీరు ఆవిరైపోతూ ఉంటే, కింద ఉన్న నీరు వెనువెంటనే పైకి లాగబడుతుంది. నీటి అణువులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి గనుక, ఆకు నుంచి వేరు దాకా నీరంతా ఒక్క చేదతాడులా ఉంటుంది. పైన చేదితే కింద కదులుతుంది. ఇది బాగానే ఉన్నది. కాని చేదతాడు మధ్యలో తెగితే? గాలికి ఒక కొమ్మ విరిగిందనుకోండి, విరిగిన చోట గాలి లోపలికి జొరబడుతుంది. నీటిదారిలో గాలిబుడగ పడిందంటే తాడు తెగినట్టే. ఆ బుడగ అలాగే వ్యాపిస్తూ పోతే చెట్టంతా దాహంతో చచ్చిపోతుంది.

అందుకని చెట్టు ఒక ఏర్పాటు చేసుకున్నది. నీటిదారి మధ్య గోడలు కట్టుకుని, ఆ గోడలలో గర్తాలనే కిటికీలు పెట్టుకుని, ఆ కిటికీలకు సన్నని జల్లెళ్ళు బిగించుకున్నది. నీరు వాటిలోనుంచి పోతుంది. బుడగ పోలేదు. బుడగను ఆపటానికి పెట్టుకున్న ఆ జల్లెళ్ళలోనే బాక్టీరియా కూడా ఆగిపోతుంది. అది మన అదృష్టం. చెట్టుకు ఆ సంగతి తెలియదు.

ఈ నీటిదారి ఉండే చెక్కను దారువు అంటారు. కొమ్మను అడ్డంగా కోస్తే, బెరడు కిందుగా లేతరంగులో ఉండే చెక్కలోనే నీరు నడుస్తుంది. మధ్యలో నల్లబడి గట్టిపడినదాన్ని మనవాళ్ళు చేవ అంటారు. తలుపులకూ, మంచాలకూ చేవ కావాలి. మన ప్రస్తుతపు పనికి చేవ పనికిరాదు, దానిలో నీటిదారులు మూసుకుపోయి ఉంటాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. అన్ని చెట్ల దారువూ ఒకటేనా?

కాదు. పైన్, దేవదారు వంటి చెట్లను తీసుకోండి. వాటికి పువ్వులు పూయవు, కాయలు కాయవు. గింజలు పొలుసులు పొలుసులుగా ఉండే శంకువులలో బయటికే ఉంటాయి. ఈ చెట్లలో నీటిదారి దారుకణాలనే చిన్న చిన్న గొట్టాలతో తయారవుతుంది. ఒక్కొక్కటి తలవెంట్రుకకన్నా సన్నం, పొడవు కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. రెండు కొసలా చెక్కిన పెన్సిలులా ఉండి, రెండు వైపులా మూసి ఉంటుంది. ఒక గొట్టంలోనుంచి పక్క గొట్టంలోకి పోవాలంటే పక్కగోడలోని గర్తాల గుండానే పోవాలి. కణుపులు తియ్యని వెదురుబొంగును ఊహించుకోండి. అటువంటి బొంగులు కట్టలు కట్టలుగా పేర్చి ఉన్నాయనుకోండి. అంగుళం పొడవు ముక్కలో నీరు దిగాలంటే ఎన్నో జల్లెళ్ళు దాటాలి.

వేప, మామిడి, చింత, తుమ్మ, మన ఊళ్ళలో కనిపించే చెట్లన్నీ దాదాపు పూలుపూసే జాతివే. వీటిలో దారునాళాలు ఉంటాయి. కణాలు ఒకదానిమీద ఒకటి నిలబడి, మధ్య అడ్డుగోడలు కరిగిపోయి, ఒకే గొట్టమవుతుంది. ఇది కణుపులు పొడిచేసిన వెదురుబొంగు. కొన్ని చెట్లలో ఒక్కొక్క నాళం కొన్ని సెంటీమీటర్లే ఉంటుంది, కొన్నిటిలో మీటరు దాటుతుంది. నాళం చివర జల్లెడ ఉంటుంది, నిజమే. కాని మీరు కోసిన అంగుళం ముక్కలో ఆ చివర ఉండనే ఉండదు. నాళం ఈ కొస నుంచి ఆ కొసకు తెరిచి ఉంటుంది. అందులో పోసిన నీళ్ళు గొట్టంలో పోసినట్టే దిగుతాయి, క్రిములతో సహా.

"అయితే బారెడు కొమ్మ తీసుకుంటే సరి" అంటారేమో. నాళాలన్నీ ఒకే పొడవు ఉండవు. వంద మూసుకుని ఒక్కటి తెరిచి ఉన్నా చాలు, జబ్బు దిగటానికి. ఏది తెరిచి ఉన్నదో పైకి కనపడదు.

నా మాట మీద నమ్మకం లేకపోతే ఒక ప్రయోగం చెయ్యండి. దీనికి బెత్తం కావాలి. బడిలో పిల్లలను కొట్టరాదని 2009లో చట్టమే వచ్చింది గనుక బెత్తాలు ఇప్పుడు దొరకటం కష్టం. మంచిదే. పేము కుర్చీలు అల్లేవారిని అడిగితే జానెడు ముక్క ఇస్తారు. బెత్తం అంటే పేమే. ఇది కూడా పూలుపూసే జాతే, దీని దారునాళాలు బాగా వెడల్పు, బాగా పొడవు. రెండు కొసలూ పదునైన కత్తితో నున్నగా కోయించండి. ఆ పని పెద్దవాళ్ళది, మీది కాదు. ఒక కొసను సబ్బునీళ్ళలో ముంచి, రెండో కొసను నోట పెట్టుకుని గట్టిగా ఊదండి. పీల్చవద్దు. గట్టి కర్రలా కనిపించే బెత్తంలోనుంచి నురుగు బుసబుసమని పొంగుతుంది! ముప్ఫై ఏళ్ళపైగా బడిలో ఉన్నవాణ్ణి. బెత్తంతో పిల్లలకు సైన్సు నేర్పవచ్చునని నాకు నమ్మకం కలిగించిన ఉపయోగం ఇదొక్కటే.

మరొక సంగతి. సముద్రపు ఒడ్డున ఉండే పిల్లలు, "మా ఊళ్ళో పైన్ చెట్లున్నాయి, సూదులలాంటి ఆకులు, శంకువులలాంటి కాయలు" అని రాయబోతారు. తొందరపడకండి! అవి సరుగుడు చెట్లు. పైన్‌తో వాటికి పోలికే గాని చుట్టరికం లేదు. మీరు సూది ఆకు అనుకున్నదాన్ని తీసుకుని మెల్లిగా లాగి చూడండి. కణుపు దగ్గర పుటుక్కున ఊడి వస్తుంది. అది ఆకు కాదు, సన్నని రెమ్మ. అసలు ఆకులు ప్రతి కణుపు చుట్టూ పొలుసుల్లా, భూతద్దంతో చూస్తేగాని కనిపించనంత చిన్నగా ఉంటాయి. సరుగుడు కూడా పూలుపూసే చెట్టే, దానికీ నాళాలే. అసలు పైన్ చెట్లు చూడాలంటే హిమాలయాలకు వెళ్ళాలి. అరకు కొండలమీద కూడా నాటి పెంచిన పైన్ తోపులు ఉన్నాయి.

ఇక మీ అన్నయ్య విన్న కథ. అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అనే సంస్థలో రోహిత్ కర్నిక్ అనే ఆచార్యుడున్నాడు. బొంబాయి ఐ.ఐ.టి.లో చదివినవాడు. ఆయనా, ఆయనతో పనిచేసేవారూ 2014లో ఈ ప్రయోగం ప్రకటించారు. అక్కడ పెరిగే తెల్లపైన్ కొమ్మ కోసి, బెరడు ఒలిచి, అంగుళం పొడవు ముక్కను ప్లాస్టిక్ గొట్టం కొసలో బిగించారు. ముందుగా ఎర్రరంగు కలిపిన నీళ్ళు పోశారు. ఆ రంగు నీటిలో కరిగేది కాదు, 70 నుంచి 500 నానోమీటర్ల రేణువులుగా తేలేది. కింద తేటనీళ్ళు దిగాయి. ముక్కను నిలువునా చీల్చి చూస్తే, ఎరుపంతా పైనున్న రెండు మూడు మిల్లీమీటర్లలోనే నిలిచిపోయి ఉన్నది! తరువాత ఇ. కోలై కలిపిన నీళ్ళు పోస్తే, నూటికి 99కి పైగా బాక్టీరియాలు లోపలే ఆగిపోయాయి. సూక్ష్మదర్శినితో చూస్తే అవి గర్తాల జల్లెళ్ళ దగ్గర గుంపులుగా చిక్కుకుని ఉన్నాయి. ఇటువంటి చిన్న ముక్క రోజుకు 4 లీటర్ల దాకా నీళ్ళు దింపగలదని వారు లెక్క వేశారు. ఒక మనిషి దాహానికి అది చాలు.

చెప్పుకోవటానికి ఇంత సులువుగా ఉన్నది గాని, అడవిలో చెయ్యబోతే రెండు తంటాలున్నాయి. గొట్టానికీ, కొమ్మకూ మధ్య వెంట్రుకవాసి సందున్నా నీరు జల్లెడ ఎక్కదు, పక్కనుంచి జారిపోతుంది. దొంగకు తలుపు వేసి దొడ్డిదారి తెరిచిపెట్టినట్టు. ఇక రెండవది, కొమ్మ పచ్చిగా, తడిగా ఉండాలి. పైన్ గర్తం మధ్యలో బిళ్ళ వంటిది ఒకటి ఉంటుంది. ఒక పక్క గాలి చేరితే ఆ బిళ్ళ రెండో పక్కకు ఒరిగి కిటికీని మూసేస్తుంది. కొమ్మ ఎండినప్పుడు జరిగేది ఇదే. కిటికీలన్నీ మూసుకుని, నీరు వందోవంతు కూడా దిగటం గగనమవుతుంది.

ఈ రెండవ తంటాకు కర్నిక్ బృందం 2021లో మందు కనిపెట్టింది. చెక్క బిళ్ళలను వేడినీళ్ళలో గంటసేపు నానబెట్టి, తరువాత ఆల్కహాలులో ముంచి, ఆరబెట్టారు. వేడినీళ్ళకు లోపలి జిగురు వంటి పదార్థం చాలావరకు పోతుంది. నీటికి బదులు ఆల్కహాలు ఆవిరైతే, బిళ్ళను పక్కకు లాగే బలం తగ్గి కిటికీలు తెరుచుకునే ఉంటాయి. అలా చేసిన బిళ్ళలను ఎండుగా నిలవ ఉంచుకుని, కావలసినప్పుడు వాడుకోవచ్చు. ఊటనీళ్ళు, కుళాయినీళ్ళు, భూగర్భజలం పోసి పరీక్షించారు. ఉత్తరాఖండ్ వంటి చోట పైన్ అడవులు కావలసినన్ని ఉన్నాయి. అక్కడి కొండపల్లెలవాళ్ళు తరతరాలుగా నౌలాలని రాతితో కట్టిన ఊటబావుల నీళ్ళు తాగుతూ వచ్చారు. కర్నిక్ బృందం ఆ ప్రాంతపు ప్రజలతో మాట్లాడి, వారికి అమరేలా ఒక ఫిల్టరు నమూనా తయారుచేసింది. నా దృష్టిలో ఈ పనికి అసలు విలువ అక్కడ ఉన్నది. అడవిలో దారి తప్పిన వీరుడి కథ వినటానికి బాగుంటుంది గాని, రోజూ నీళ్ళకు కొండ దిగి ఎక్కే ఇల్లాలికి ఇది ఎక్కువ అవసరం.

అంటే పైన్ కొమ్మ దొరికితే ఇక భయం లేదా? ఉన్నది. 1892లో ఇవనోవ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త, తెగులు సోకిన పొగాకు ఆకుల రసాన్ని షాంబర్లాండ్ పింగాణీ ఫిల్టరులో వడకట్టాడు. బాక్టీరియా అంతా ఆగిపోవాలి. కాని వడకట్టిన రసం రాస్తే మంచి ఆకులకు మళ్ళీ తెగులు పట్టింది! బాక్టీరియాకన్నా చాలా చిన్నదేదో జల్లెడ దాటి వచ్చిందన్నమాట. వైరసులున్నాయని మానవుడికి మొదట తెలిసింది ఈ విధంగానే. నీటి ద్వారా కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఏ వైరసు 30 నానోమీటర్లకు మించదు. 2021నాటి బిళ్ళలు ప్రయోగశాలలో, దీనికన్నా పెద్దదైన రోటావైరసును చాలావరకు ఆపాయి. అవి శాస్త్రవేత్తలు శుద్ధిచేసి, పరీక్షించిన బిళ్ళలు. అడవిలో కత్తితో చెక్కిన పచ్చికొమ్మను వైరసుల విషయంలో నమ్మటానికి వీలులేదు.

నీటిలో కరిగినవాటిని పైన్ కొమ్మ బొత్తిగా ఆపలేదు. ఎందుకు ఆపాలి? నేలలోని లవణాలు నీటిలో కరిగి వస్తేనే గదా చెట్టుకు ఆహారం! జల్లెడ వాటిని అడ్డుకుంటే చెట్టు బతకదు. ఇది మీరే చూడవచ్చు. తెల్లచామంతిని కాడతో సహా కోసి, మిఠాయిలలో వాడే ఎర్రరంగు కలిపిన నీళ్ళలో నిలబెట్టండి. మర్నాటికి రేకులమీద ఎర్రని చారలు వస్తాయి. కరిగిన రంగు కాడలోని జల్లెళ్ళన్నీ దాటి పువ్వుదాకా వెళ్ళింది. నల్గొండ జిల్లాలో ఎన్నో ఊళ్ళ భూగర్భజలంలో ఫ్లోరైడు ఉన్నదనీ, ఆ నీళ్ళు తాగి ఎందరికో ఎముకలు వంకర్లు పోయాయనీ మీ పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. ఆ ఫ్లోరైడును కొమ్మా ఆపలేదు, చీరమడతా ఆపలేదు, కాచినా పోదు. పటికా, సున్నమూ కలిపి దానిని తేర్చే విధానానికి నల్గొండ పద్ధతి అనే పేరు.

సూక్ష్మజీవుల మాటకు వస్తే, ఎక్కడయినా నిప్పు ఉన్నంతవరకు కొమ్మల జోలికి పోనక్కర్లేదు. నీళ్ళు బుడబుడ మరగటం మొదలయ్యాక ఒక నిమిషం అలాగే మరగనివ్వాలి. సముద్రమట్టానికి 2000 మీటర్లు దాటిన కొండలమీద మూడు నిమిషాలు. అంత ఎత్తున నీరు తక్కువ వేడికే మరుగుతుంది గనుక ఎక్కువసేపు కావాలి. బాక్టీరియా అయినా, వైరసు అయినా దీనికి లొంగుతుంది. ఆ రోజు నా సంచిలో అగ్గిపెట్టె ఉన్నది, పులిహోర తెచ్చుకున్న పెద్ద గిన్నె ఉన్నది, చుట్టూ ఎండుపుల్లలు ఉన్నాయి. ముప్ఫైమందికి కాచటానికి గంటన్నర పట్టేది.

ఇక నీ ఉత్తరానికి జవాబు, అబ్బాయీ. వేపకొమ్మను చెట్టునే ఉండనీ. పళ్ళు తోముకోవటానికి పుల్ల కావలిస్తే ఒకటి విరుచుకో, దానికి నేను అడ్డు చెప్పను. మీ అన్నయ్యను అబద్ధాలకోరు అనవద్దు, చెట్టుపేరు ఒక్కటే అతను అడగటం మరిచాడు. మీరిద్దరూ కలిసి ఆ బెత్తం ప్రయోగం చెయ్యండి. ముందు జానెడు ముక్కతో, తరువాత మూరెడు ముక్కతో, దొరికితే బారెడు ముక్కతో ఊది చూసి, ఎంత పొడవు దాకా నురుగు వచ్చిందో కొలిచి నాకు రాయండి. వచ్చే నెల మీ లెక్క ఈ పేజీలోనే వేస్తాను.